ఉదారవాదం: ఎవరి స్వేచ్ఛ? దేని నుండి?

(కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, పింఛను, ఖాళీల భర్తీ, డ్యూటీ గంటలు - ఇన్ని సమస్యలు ముందుండగా ఉదారవాదం అనే పుస్తకాల మాటతో మనకేమి పని అని ఈ తరగతికి వచ్చిన మిత్రులు కొందరు అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. దానికి మా సమాధానం ఇది. పనివారు కలసి సంఘం పెట్టుకోవచ్చునా, కలసి పని మానవచ్చునా అనే ప్రశ్న గత రెండు శతాబ్దాలలో అనేక దేశాలలో తలెత్తింది. దానిని తేల్చిన శాసనసభలూ న్యాయస్థానాలూ తరచుగా స్వేచ్ఛ అనే సూత్రాన్నే ఆధారంగా చూపాయి. ఒకచోట స్వేచ్ఛ పేరిట సంఘాలను నిషేధించారు. మరొకచోట అదే స్వేచ్ఛ పేరిట సంఘాలకు రక్షణ కల్పించారు. కనుక ఇది మన జీవితాలకు దూరమైన మాట కాదు.

మన బ్రాంచి సమావేశాలలో రెండు వాదనలు వింటూ ఉంటాము. ఉదారవాదం ధనికుల సిద్ధాంతం, పత్రికా స్వేచ్ఛ, న్యాయస్థానం, వ్యక్తి హక్కు అనేవి కడుపు నిండిన వారి అలంకారాలు అనేది మొదటిది. ఇది సీనియర్ కార్యకర్తలలో కొందరి మాట. ఇది ఉదార యుగం, ఎవరి సామర్థ్యం వారిది, ఎవరి ఒప్పందం వారిది, సంఘాలకు కాలం చెల్లింది అనేది రెండవది. ఇది కొత్తగా చేరిన యువ ఉద్యోగులలో కొందరి మాట. ఈ రెండు వాదనలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని మా అభిప్రాయం. ఒక కాలంలో, ఒక దేశంలో ఆ మాటకు ఉన్న అర్థాన్ని తీసుకొని, అదే సర్వకాలాలకూ వర్తిస్తుందని రెండు పక్షాలూ భావిస్తున్నాయి.

మాట ఒకటి, అర్థాలు అనేకం

తెలుగులో ఉదారుడు అంటే దాత, చేయి జాచినవానికి లేదనకుండా ఇచ్చేవాడు. అందుచేతనే వేతన సంఘం నివేదిక వచ్చినప్పుడల్లా ప్రభుత్వం ఉదారంగా మంజూరు చేసిందని వార్తలు చదువుతూ ఉంటాము. ఐరోపా భాషలలోని లిబరల్ అనే మాటకు ఔదార్యమనే అర్థం ఉన్నది గాని, దాని మూలంలో ఉన్నది స్వేచ్ఛ. లాటిన్‌లో ఆ ధాతువుకు బానిస కానివాడు, స్వతంత్రుడు అని అర్థం. రాజకీయాలలో ఆ మాట స్వేచ్ఛను కోరేవారి పేరుగానే స్థిరపడింది. మనం దానిని ఉదారవాదమని అనువదించుకొన్నప్పుడు దాత ముందుకు వచ్చాడు, స్వతంత్రుడు వెనుకకు పోయాడు. 1991 తరువాత ఆర్థిక విధానాలను గురించి సరళీకరణ అనే మరొక మాట కూడా వచ్చింది. ఇంగ్లీషులో ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు తెలుగులో ఇట్లు వేరువేరు దారులు పట్టినందున తికమక మరింత పెరిగింది.

అందుచేత ఏ దేశపు ఉదారవాదాన్ని చూచినా రెండు ప్రశ్నలు వేసుకొందాము. ఎవరి స్వేచ్ఛ? దేని నుండి స్వేచ్ఛ?

రాజుపై ఎక్కుపెట్టిన మాట

ఒక రాజకీయ పక్షానికి లిబరల్ అనే పేరు స్థిరపడినది మొదట స్పెయిన్‌లో. నెపోలియన్ సైన్యాలు దేశాన్ని ఆక్రమించిన సమయంలో, 1810లో సమావేశమైన స్పెయిన్ ప్రతినిధుల సభ రాజకీయ విషయాలలో పత్రికా స్వేచ్ఛను ప్రకటించింది. 1812లో కాదిజ్ నగరంలో రాజ్యాంగాన్ని ఆమోదించింది. సార్వభౌమాధికారం రాజుది కాదు, జాతిది అన్నవారికి లిబరల్స్ అని పేరు వచ్చింది. 1814లో తిరిగివచ్చిన రాజు ఆ రాజ్యాంగాన్ని రద్దు చేసి వారిని చెరసాలలకు పంపాడు. ఇక్కడ స్వేచ్ఛ జాతిది, అది నిరంకుశ రాజు నుండి కోరిన స్వేచ్ఛ. అందులో మనం కాదనవలసినది ఏమీ లేదు.

అయితే దానికి ముందే పొరుగున ఉన్న ఫ్రాన్స్‌లో మరొక పాఠం జరిగింది. 1789లో మానవ హక్కుల ప్రకటన వెలువడింది. రెండు సంవత్సరాలు తిరగకుండానే, 1791 జూన్‌లో, అదే విప్లవ శాసనసభ లె షపెలియే చట్టాన్ని చేసింది. పౌరునికీ రాజ్యానికీ నడుమ మరే సంఘమూ ఉండరాదని, ఎవరి కూలి వారే స్వేచ్ఛగా మాట్లాడుకోవాలని ఆ చట్టం ఉద్దేశం. పాత వృత్తి సంఘాలతో పాటు పనివారి సంఘాలు కూడా నిషిద్ధమైనాయి. ఫ్రెంచి కార్మికులకు సమ్మె చేసే స్వేచ్ఛ 1864 వరకు, సంఘం పెట్టుకొనే చట్టబద్ధమైన హక్కు 1884 వరకు రాలేదు. రాజు నుండి మనిషిని విడిపించిన చేతులే అతనిని యజమాని ముందు ఒంటరిగా నిలబెట్టాయి. ఒక పక్షాన నిండిన గాదె, మరొక పక్షాన ఖాళీ కుండ ఉన్నప్పుడు కుదిరే ఒప్పందాన్ని స్వేచ్ఛగా కుదిరినదని ఎట్లు అనగలము?

బ్రిటన్: రైల్వే కంపెనీ నేర్పిన పాఠం

ఉదారవాదానికి పుట్టినిల్లుగా చెప్పుకొనే బ్రిటన్‌లోనూ 1799, 1800 సంవత్సరాల చట్టాలు పనివారి కూటములను నేరం చేశాయి. అవి 1824లో రద్దయినా, మరుసటి సంవత్సరమే కొత్త ఆంక్షలు వచ్చాయి. 1871లో గ్లాడ్‌స్టన్ నాయకత్వంలోని లిబరల్ ప్రభుత్వం ఒక చట్టంతో సంఘాలకు గుర్తింపు ఇచ్చి, అదే సంవత్సరం మరొక చట్టంతో పికెటింగును శిక్షార్హం చేసింది. శాంతియుతమైన పికెటింగుకు 1875లో వెసులుబాటు కల్పించినది లిబరల్ ప్రభుత్వం కాదు, డిజ్రేలీ నాయకత్వంలోని కన్సర్వేటివ్ ప్రభుత్వం. పేరును బట్టి మిత్రులను లెక్కించరాదనడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

తరువాతి కథ రైల్వే సోదరులందరూ గుర్తుంచుకోవలసినది. 1900లో వేల్స్‌లోని టాఫ్ వేల్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. కంపెనీ వారి సంఘంపై దావా వేసింది. సమ్మె వలన కలిగిన నష్టానికి సంఘం నిధి నుండి పరిహారం రాబట్టవచ్చునని 1901లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. సంఘం చెల్లించిన నష్టపరిహారం 23,000 పౌండ్లు. ఖర్చులు అదనం. ఆస్తి హక్కుకు రక్షణ లభించింది గాని, సమ్మె హక్కు కాగితం మీదనే మిగిలింది.

అప్పుడు కార్మికులు ఏమి చేశారు? 1867, 1884 సంస్కరణలతో కార్మికులలో పెద్ద భాగానికి ఓటు వచ్చి ఉన్నది. 1900లో ఏర్పడిన కార్మిక ప్రాతినిధ్య సంఘంలో టాఫ్ వేల్ తీర్పు తరువాత యూనియన్లు పెద్ద ఎత్తున చేరాయి. 1906 ఎన్నికలలో 29 మంది కార్మిక ప్రతినిధులు పార్లమెంటుకు వెళ్లారు. అదే సంవత్సరం లిబరల్ ప్రభుత్వం ట్రేడ్ వివాదాల చట్టాన్ని తెచ్చి, సమ్మె నష్టాలకు సంఘాలపై దావా వేయరాదని శాసించింది. 1908లో 70 సంవత్సరాలు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల వరకు వృద్ధాప్య పింఛను, 1911లో ఆరోగ్య, నిరుద్యోగ భీమా వచ్చాయి. ఆకలితో ఉన్నవానికి స్వేచ్ఛ లేదని, ఆ ఆకలిని తీర్చడం కూడా ప్రభుత్వపు విధి అని చెప్పే కొత్త ఉదారవాదం పుట్టింది. దానికి హాబ్‌హౌస్ వంటి రచయితలు సిద్ధాంతరూపం ఇచ్చారు. ఆ రచయితల కృషిని మేము తక్కువ చేయడం లేదు. కాని సంఘటిత కార్మికుల ఓటు తోడు కాకపోతే ఆ సిద్ధాంతం అంత త్వరగా చట్టమయ్యేది కాదు.

అమెరికా: తపాలా సంచి సాక్షిగా

ఇప్పుడు అట్లాంటిక్ దాటుదాము. 1894లో షికాగో సమీపంలోని పుల్‌మన్ రైలు పెట్టెల కర్మాగారంలో యాజమాన్యం కూలి తగ్గించింది. తాను కట్టించిన కార్మికుల ఇండ్లకు మాత్రం అద్దె తగ్గించలేదు. యూజిన్ డెబ్స్ నాయకత్వంలోని అమెరికన్ రైల్వే యూనియన్ సమ్మె కార్మికులకు మద్దతుగా పుల్‌మన్ పెట్టెలున్న రైళ్లను నడపరాదని నిర్ణయించింది. తపాలా రవాణాకూ రాష్ట్రాల నడుమ వర్తకానికీ అడ్డు కలుగుతున్నదని ప్రభుత్వం న్యాయస్థానం నుండి నిషేధాజ్ఞ తెచ్చి, సైన్యాన్ని పంపింది. డెబ్స్‌కు ఆరు నెలల జైలు పడింది. 1895లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. పోస్టల్ మిత్రులు గమనించాలి. రైల్వే కార్మికుని సమ్మెను అణచడానికి తపాలా సంచిని అడ్డం పెట్టారు. ఆ చర్య తీసుకొన్న అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌ను పాత అర్థంలో ఉదారవాది అనే చరిత్రకారులు లెక్కిస్తారు. 1905లో అదే సుప్రీంకోర్టు, రొట్టెల బట్టీ పనివారికి రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించరాదన్న న్యూయార్క్ చట్టాన్ని ఒప్పంద స్వేచ్ఛకు భంగమని కొట్టివేసింది. ఎక్కువ గంటలు పని చేసే స్వేచ్ఛను కార్మికునికి కాపాడారన్నమాట!

1929 తరువాత వచ్చిన మహా మాంద్యంలో ఈ అర్థం నిలువలేకపోయింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ లిబరల్ అనే మాటనే చేపట్టి, దానికి నిరుద్యోగికి పని, వృద్ధునికి పింఛను, కార్మికునికి సంఘం అనే అర్థం కల్పించాడు. 1935లో వాగ్నర్ చట్టం సమష్టి బేరసారాల హక్కును ఇచ్చింది. నాటి నుండి అమెరికాలో లిబరల్ అంటే సంక్షేమానికి ప్రభుత్వం పూనుకోవాలనేవాడు. ఐరోపాలోని పెక్కు దేశాలలో మాత్రం ప్రభుత్వం మార్కెట్టు నుండి తప్పుకోవాలనేవాడికి ఆ పేరు వర్తిస్తుంది. సముద్రం దాటితే మాట తలక్రిందులైంది.

అయితే వాగ్నర్ చట్టం ప్రభుత్వోద్యోగులను తన పరిధిలోకి తీసుకోలేదు. 1970 మార్చిలో సుమారు 2,00,000 మంది అమెరికన్ తపాలా ఉద్యోగులు చట్టాన్ని ధిక్కరించి సమ్మె చేశారు. అధ్యక్షుడు నిక్సన్ న్యూయార్క్ తపాలా కార్యాలయాలకు సైనికులను పంపాడు. అదే సంవత్సరం వచ్చిన తపాలా సంస్కరణ చట్టం వారికి వేతనాలపై సమష్టి బేరసారాల హక్కును ఇచ్చింది. సమ్మె హక్కును ఇవ్వలేదు.

పేరు ఒకటి, తీరు వేరు

తూర్పున ఈ మాట మరింత వింతగా మారింది. ఆస్ట్రేలియాలో 1944లో మెంజీస్ స్థాపించిన లిబరల్ పార్టీ ఆ దేశపు సంప్రదాయవాదుల పార్టీ. జపాన్‌లో 1955లో ఏర్పడిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ కూడా అటువంటిదే. పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకోనక్కరలేదు గాని, పేరు చూచి ఊరు లెక్క కట్టరాదు.

జపాన్ అనుభవం మనకు దగ్గరది. యుద్ధంలో ఓడిన జపాన్‌కు స్వేచ్ఛ నేర్పుతామని వచ్చిన అమెరికన్ ఆక్రమణాధికారుల కాలంలోనే, 1945 డిసెంబరులో సంఘాల చట్టం వచ్చింది. 1948లో అదే అధికారుల ఆదేశంపై ప్రభుత్వోద్యోగుల సమ్మె హక్కును తొలగించారు. ఆ హక్కును తిరిగి సాధించడానికి 1975 నవంబరు 26 నుండి జపాన్ జాతీయ రైల్వే కార్మికులు ఎనిమిది రోజులు సమ్మె చేశారు. సమ్మె హక్కు కోసం చేసిన సమ్మె అది. వారికి ఆ హక్కు రాలేదు. 1987లో ఆ రైల్వేను విభజించి ప్రైవేటు కంపెనీలుగా మార్చారు.

మన దేశంలో

మన దేశానికి ఈ మాట పాలకుల ఓడలలో వచ్చింది. స్వేచ్ఛపై 1859లో ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించిన జాన్ స్టువార్ట్ మిల్ అంతకు ముందు 35 సంవత్సరాలు లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో ఉద్యోగి. తన సూత్రం వెనుకబడిన సమాజాలకు వర్తించదని ఆయన ఆ గ్రంథంలోనే వ్రాశాడు. లండన్‌లో హక్కు అయినది కలకత్తాలో ఇంకా సమయం రాని కోరిక అయింది.

ఆ వైరుధ్యాన్నే మన పెద్దలు ఆయుధం చేసుకొన్నారు. దాదాభాయి నౌరోజీ 1892లో లండన్‌లోని ఒక నియోజకవర్గం నుండి లిబరల్ అభ్యర్థిగా గెలిచి, మీ సూత్రాలను మా దేశానికి ఎందుకు వర్తింపజేయరని బ్రిటిష్ పార్లమెంటు లోపలే నిలదీశాడు. గోఖలే మార్గాన్ని అనుసరించినవారు 1918లో కాంగ్రెసు నుండి విడివడి లిబరల్ సమాఖ్యగా ఏర్పడ్డారు. విజయనగరంలో పుట్టి అలహాబాదులో లీడర్ పత్రిక సంపాదకుడుగా పేరు పొందిన మన తెలుగువాడు చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి ఆ సమాఖ్య నాయకులలో ప్రముఖుడు. ప్రజా ఉద్యమాల ఉప్పెనలో లిబరల్ పక్షం వెనుకబడిపోయింది. విన్నపాలపై వారు ఉంచిన నమ్మకం జనానికి చాలలేదు.

కాని వారిలో ఒకరికి మన ఉద్యమం ఋణపడి ఉన్నది. 1918లో ఏర్పడిన మద్రాసు లేబర్ యూనియన్‌పై, దాని నాయకుడు బి.పి. వాడియాపై బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల యాజమాన్యం హైకోర్టు నుండి నిషేధాజ్ఞ తెచ్చింది. టాఫ్ వేల్ ఆయుధం మద్రాసుకు వచ్చిందన్నమాట. అప్పుడు, 1921లో, సంఘాలకు చట్టరక్షణ కావాలని కేంద్ర శాసనసభలో తీర్మానం తెచ్చినవాడు ఎన్.ఎం. జోషి. ఆయన గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ సభ్యుడు, ఉదారవాద సంప్రదాయంలో పెరిగినవాడు. దాని ఫలితమే 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం. నమోదైన సంఘాలకు అందులోని 17, 18 సెక్షన్లు ఇచ్చిన రక్షణకు మూలం 1906 నాటి బ్రిటిష్ చట్టంలో ఉన్నది. వేల్స్ రైల్వే కార్మికులు పోగొట్టుకొన్న నిధి, పాతిక సంవత్సరాల తరువాత మన సంఘాల నిధికి కంచె అయింది.

స్వతంత్రం తరువాత రాజ్యాంగం 19వ అధికరణం సంఘం పెట్టుకొనే హక్కును ఇచ్చింది. అయినా 1960 జులైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు అయిదు రోజులు సమ్మె చేసినప్పుడు, ప్రజాస్వామ్యవాదిగా లోకం గౌరవించిన నెహ్రూ ప్రభుత్వమే ఆర్డినెన్సు తెచ్చి, సంఘాల గుర్తింపును రద్దు చేసింది. ప్రదర్శనలపై పూర్తి నిషేధం చెల్లదని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదన్నది. 2003లో మరింత కఠినంగా, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదన్నది. ఇదే కాలంలో, 1959లో, రాజాజీ, మన ఆచార్య రంగా ప్రభృతులు స్థాపించిన స్వతంత్ర పార్టీ స్వేచ్ఛ అనగా పర్మిట్లు, లైసెన్సుల నుండి స్వేచ్ఛ అన్నది. 1991 నాటి విధానాలకు ఆ భావమే ముందు నడిచింది.

మార్కెట్టుకు స్వేచ్ఛ వస్తే మనిషికి కూడా దానంతట అదే వస్తుందా? పొరుగున ఉన్న శ్రీలంకను చూడండి. 1977లో మార్కెట్టు తలుపులు తెరచిన ప్రభుత్వమే 1980 జులై సమ్మెలో పాల్గొన్న సుమారు 40,000 మందిని ఉద్యోగాల నుండి తొలగించింది. సరుకుకు దొరికిన స్వేచ్ఛ దానిని మోసే చేతులకు దొరకలేదు.

పాత స్వేచ్ఛలు మనవి కావా?

ఇక సీనియర్ మిత్రులకు ఒక మాట. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెలో సుమారు 17 లక్షల మంది పాల్గొన్నారు. వేలాది మందిని విచారణ లేకుండా మీసా, డి.ఐ.ఆర్. క్రింద నిర్బంధించారు. ఎందరినో ఉద్యోగాల నుండి తీసివేశారు. క్వార్టర్లలోని కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆనాడు మనకు కావలసినదేమిటి? నిర్బంధించిన మనిషిని న్యాయస్థానం ముందు హాజరు పరచాలనే పాత స్వేచ్ఛ. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, ఆ హక్కు కూడా లేదని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పినప్పుడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. 2017లో అదే కోర్టు ఆ తీర్పును తప్పని త్రోసిపుచ్చింది. కడుపు నిండినవారి అలంకారమని మనం తీసిపారవేసిన హక్కు, జైలు తలుపు మూసుకొన్న రాత్రి మనకే అవసరమైంది.

తపాలా సోదరులకు మరొక ఉదాహరణ. 1844లో ఇటలీ స్వాతంత్ర్య యోధుడు మాజినీ లేఖలను బ్రిటిష్ ప్రభుత్వం తపాలా కార్యాలయంలో రహస్యంగా తెరిపించిందని తెలిసి పార్లమెంటు అట్టుడికింది. మన దేశంలో 1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లు ఉత్తరాలను తెరిచే అధికారాన్ని విస్తరించినందున రాష్ట్రపతి జైల్‌సింగ్ దానిపై సంతకం చేయలేదు. 2023 పోస్టాఫీసు చట్టంలో ప్రభుత్వానికి తపాలాను ఆపి తెరిచే అధికారం ఉన్నది. ఉత్తరాన్ని తెరవకుండా చేర్చడం మనకు కేవలం డ్యూటీ కాదు. రాజకీయ స్వేచ్ఛలో ఒక భాగం ఆ సంచిలోనే ఉన్నది.

యువ మిత్రులకు కూడా ఒక మాట. ఎవరి ఒప్పందం వారిదే అనే సిద్ధాంతం కొత్తది కాదు, 1791 నాటిది. పల్లెలలో తపాలా మోసిన ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లు కేవలం ఒప్పందపు మనుషులు కారని, సివిల్ పదవులు కలిగినవారేనని, విచారణ లేకుండా వారిని తొలగించరాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే పని చేస్తున్న గ్రామీణ డాక్ సేవకులకు నేటికీ రెగ్యులర్ ఉద్యోగుల హోదా లేదు. విడివిడిగా మాట్లాడుకొంటే వారు దానిని సాధించగలరా?

2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 1926 చట్టాన్ని తనలో కలుపుకొన్నది. దాని పరిధిలోని సంస్థలలో సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి చేసింది. ఇటువంటి చట్టం వచ్చినప్పుడు అది ఉదారమైనదా కాదా అనే చర్చతో కాలం పుచ్చవద్దు. ఎవరి స్వేచ్ఛ పెరిగింది? దేని నుండి? ఒంటరిగా ఉన్న పనివాడు మరొకని చేయి పట్టుకొనే అవకాశం పెరిగిందా, తగ్గిందా? ఈ ప్రశ్నలతో ప్రతి సెక్షన్‌నూ మీ బ్రాంచిలో చదవండి.

ఇంతవరకు చూచిన దేశాలలో స్వేచ్ఛ అనే మాటలో పనివానికి చోటు దానంతట అదే దొరకలేదు. చోటు దొరికినచోట దాని వెనుక సంఘటిత కార్మికుల ఒత్తిడి ఉన్నది. తెలుగులో ఆ మాట దాతను గుర్తుచేస్తుంది. మనం దాత గుమ్మం ముందు నిలబడినవాళ్లం కాము. ఆ మాటకు మూలమైన స్వతంత్రుణ్ణి తిరిగి ముందుకు తీసుకురావడం మన సంఘాల పని.

 కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.